చిరునామా మనది, దాని అక్షాంశ రేఖాంశాలు ఎవరివి?

జియోకోడింగ్ ఫలితాల నిల్వపై ఒక సమీక్ష

ఒక చిరునామాను మ్యాపింగ్ సేవకు పంపితే అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెలు తిరిగొస్తాయి. ఈ పనినే జియోకోడింగ్ అంటారు. ఆ రెండంకెలను మన దగ్గర దాచుకోవచ్చా, దాచుకుంటే ఎన్నాళ్ళు, ఏ పనికి అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళుగా నలుగుతోంది. మదనపల్లెలో పార్సిళ్ళు పంచేవారికి, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో పాలు సేకరించేవారికి, కుప్పంలో మూడు రాష్ట్రాల మనుషులతో వ్యవహరించే ఆస్పత్రులకు, వ్యాపారులకు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. ఖాతాదారు పేరు, డోర్ నంబరు, ఫోను పక్కన లొకేషన్ కూడా ఉంటే బండి దారి తప్పదు. ఆ లొకేషన్ ఏ మూలం నుంచి వచ్చిందన్నది మాత్రం పట్టికలో చాలాసార్లు కనిపించదు.

ఈ చర్చలో సాఫ్ట్‌వేర్ నిపుణులు ఖర్చు గురించి, న్యాయవాదులు ఒప్పందం గురించి, ఓపెన్ మ్యాప్ కార్యకర్తలు స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. ముగ్గురి మాటల్లోనూ పస ఉంది. మూడూ కలిసేసరికి చిక్కుముడి పడింది. దాన్ని విప్పడానికి ముందు చరిత్ర, తరువాత షరతులు, ఆపైన వాదాలు, చట్టం, చివరికి ఈ మూడు ఊళ్ళ పరిస్థితి చూద్దాం.

ప్రశ్న పుట్టిన తీరు

చిరునామాలను అంకెలుగా మార్చే పని మొదట ప్రభుత్వాలదే. అమెరికా జనగణన శాఖ 1970 లెక్కల కోసం వీధుల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించింది. 1990 లెక్కల నాటికి టైగర్ అనే దస్త్రాలను సిద్ధం చేసి, కాపీరైట్ ఆంక్షలు లేకుండా ప్రజలందరికీ అందుబాటులో ఉంచింది. అక్కడ నిల్వ ప్రశ్నే తలెత్తలేదు.

2005లో గూగుల్ తన మ్యాపులను ఇతర వెబ్‌సైట్లు వాడుకునేలా ఏపీఐ అనే అనుసంధాన మార్గాన్ని తెరిచింది. మరుసటి ఏడాది జియోకోడింగ్ దానికి జతచేరింది. అప్పటినుంచి చిరునామా ఎక్కడుందో చెప్పే పని ఇంటర్నెట్‌లో అడిగి తెచ్చుకునే సేవ అయింది. సమాచారం కంపెనీ సర్వర్లో ఉంటుంది, వాడేవారు అడిగిన ప్రతిసారీ జవాబు పొందుతారు. జవాబును దాచుకుంటే మళ్ళీ అడగనక్కర్లేదు. అడగకపోతే కంపెనీకి రాబడి లేదు. దాచుకున్న జవాబులు లక్షల్లో పోగైతే వాటితో పోటీ సేవనే నిలబెట్టవచ్చు. నిల్వపై ఆంక్షలకు ఈ రెండు భయాలే పునాది.

2018లో గూగుల్ తన మ్యాప్ సేవల ధరల విధానాన్ని మార్చినప్పుడు ఈ ప్రశ్న చిన్న సంస్థల దాకా వచ్చింది. ప్రతి విన్నపానికీ లెక్క ఉన్నప్పుడు, నిన్న అడిగిన చిరునామానే ఇవాళ మళ్ళీ అడగడం వృథా ఖర్చుగా కనిపిస్తుంది. వెయ్యి మంది ఖాతాదారుల లొకేషన్‌ను నెలకోసారి తిరిగి తెచ్చుకుంటే ఏడాదికి 12,000 విన్నపాలు. ఇళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

షరతులు ఏమంటున్నాయి

అన్ని సేవలూ ఒకే మాట చెప్పవు. షరతులు మారుతూ ఉంటాయి గనుక ఒప్పుకునే ముందు ఆనాటి పాఠాన్నే చదవాలి. ప్రధాన ధోరణులు ఇవి.

గూగుల్: తన మ్యాప్ సమాచారాన్ని దాచుకోవడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. మినహాయింపులు రెండు. అక్షాంశ రేఖాంశాలను వరసగా 30 రోజుల దాకా ఉంచుకోవచ్చు, తరువాత చెరిపేయాలి. ప్రతి స్థలానికీ అది ఇచ్చే ప్లేస్ ఐడీ అనే గుర్తింపు సంకేతాన్ని ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. ఏడాది దాటిన ఐడీని ఒకసారి సరిచూసుకోమని సలహా ఇస్తుంది. దాని జియోకోడింగ్ ఫలితాన్ని మ్యాపు మీద చూపదలిస్తే అది గూగుల్ మ్యాపే కావాలి. దాని సమాచారం ఆధారంగా కొత్త సమాచారాన్ని తయారుచేయడమూ నిషిద్ధమే.

మ్యాప్‌బాక్స్, ఎస్రీ: ఇవి నిల్వను వేరే సరుకుగా అమ్ముతాయి. మ్యాప్‌బాక్స్‌లో తాత్కాలిక జియోకోడింగ్ వేరు, శాశ్వత జియోకోడింగ్ వేరు. ఎస్రీ సేవలో ఫలితాన్ని దాచుకోబోతున్నామని విన్నపంలోనే చెప్పాలి, దానికి రుసుము ఉంటుంది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్: 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఈ సామూహిక మ్యాపు 2012 సెప్టెంబరు నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్సు కింద ఉంది. దీని మీద నడిచే నామినాటిమ్ అనే ఉచిత జియోకోడింగ్ సర్వర్ నియమం గూగుల్‌కు పూర్తిగా ఎదురు. సెకనుకు ఒక్క విన్నపానికి మించకూడదు, వచ్చిన ఫలితాన్ని మీ దగ్గరే దాచుకోవాలి. అదే ప్రశ్న పదేపదే పంపేవారిని అడ్డుకుంటారు. మూలాన్ని పేర్కొనడం తప్పనిసరి.

ఒకచోట దాచుకోవడం తప్పు, ఇంకోచోట దాచుకోకపోవడం తప్పు. సర్వర్ ఖర్చు ఎవరిది, సమాచారం ఎవరిది అన్నదాన్ని బట్టి నియమం తలకిందులవుతోంది. ఒక సేవ కోసం రాసిన ప్రోగ్రామును ఇంకో సేవకు మార్చినప్పుడు నిల్వ నియమాన్ని కూడా మార్చకపోతే తెలియకుండానే ఒప్పందం తప్పినట్టవుతుంది.

నాలుగు వాదాలు

మొదటిది ఒప్పందవాదం. షరతులకు ఒప్పుకుని సేవ తీసుకున్నాక వాటికి కట్టుబడాల్సిందే అంటుంది. వీధుల్లో కార్లు తిప్పి, ఉపగ్రహ చిత్రాలు కొని, దుకాణాల వివరాలు సరిచూసి కంపెనీ పెట్టిన పెట్టుబడికి రాబడి ఇలాగే వస్తుందన్నది దీని సమర్థన. దీని బలం స్పష్టత. బలహీనత ఏమిటంటే, ఒప్పందాన్ని ఒక పక్షమే రాస్తుంది. మదనపల్లె వ్యాపారికి 30 రోజులను 60 చేయమని బేరమాడే వీలు లేదు.

రెండోది వాస్తవవాదం. ఒక ఇల్లు భూమ్మీద ఎక్కడుందన్నది వాస్తవం, వాస్తవానికి యజమాని ఉండడు అంటుంది. పుంగనూరు సుమారుగా 13.37 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.57 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉందన్న మాట ఎవరి సొత్తూ కాదన్నది నిజమే. ఈ వాదం కాపీరైట్ విషయంలో గట్టిగా నిలుస్తుంది, ఒప్పందం విషయంలో బలహీనపడుతుంది. ఎవరి సొత్తూ కాని సంగతిని కూడా ఫలానా విధంగా వాడనని మాట ఇస్తే ఆ మాట కట్టిపడేస్తుంది.

మూడోది ఉమ్మడి మ్యాపు వాదం. షరతులతో పెనుగులాడేకన్నా, షరతులు తేలికగా ఉన్న సమాచారాన్ని పెంచుకోవాలంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ మార్గదర్శకాల ప్రకారం విడివిడి జియోకోడింగ్ ఫలితాలు డేటాబేస్‌లో గణనీయ భాగం కావు. ఖాతాదారుల పట్టికలో అలాంటి ఫలితాలను ఉంచుకున్నంత మాత్రాన పట్టికంతా బయటపెట్టాల్సిన పని లేదు. ఫలితాలను పోగుచేసి మళ్ళీ ఒక సార్వత్రిక మ్యాపు డేటాబేస్‌గా మారిస్తేనే అదే లైసెన్సుతో పంచే బాధ్యత వస్తుంది. దీని బలహీనత చిన్న ఊళ్ళలో బయటపడుతుంది. మ్యాపులో వీధి ఉంటుంది, డోర్ నంబరు ఉండదు.

నాలుగోది సంకేతవాదం. అంకెలను దాచకుండా ప్లేస్ ఐడీ వంటి గుర్తింపును దాచి, అవసరమైనప్పుడు తాజా అంకెలు తెచ్చుకోవాలంటుంది. షరతులకు పూర్తిగా లోబడే మార్గమిది. అయితే ఖర్చు ప్రతిసారీ ఉంటుంది, ఇంటర్నెట్ లేనిచోట పనిచేయదు, సేవను మార్చుకోవాలంటే దాచుకున్న సంకేతాలన్నీ పనికిరాకుండా పోతాయి.

చట్టం ఎంతవరకు తేల్చింది

వాస్తవాల పట్టికకు కాపీరైట్ ఉంటుందా అన్న ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో జవాబిచ్చింది. అది టెలిఫోన్ డైరెక్టరీ గొడవ. పేర్లు, ఊళ్ళు, నంబర్లు అక్షరక్రమంలో పేర్చడానికి ఎంత శ్రమ పడినా, సృజన లేకపోతే కాపీరైట్ లేదని తేల్చింది. ఐరోపా మరో దారి పట్టింది. 1996 డేటాబేస్ ఆదేశం ద్వారా, సృజనతో పనిలేకుండా పెట్టుబడినే గుర్తించి 15 ఏళ్ళ ప్రత్యేక హక్కు కల్పించింది.

మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ డేటాబేస్‌ను సాహిత్య రచన నిర్వచనంలో చేర్చింది. అయితే 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డీబీ మోదక్ కేసులో సుప్రీంకోర్టు, శ్రమ ఒక్కటే చాలదని, కొంతైనా సృజనాత్మకత ఉండాలని చెప్పింది. ఐరోపా తరహా ప్రత్యేక డేటాబేస్ హక్కు ఇక్కడ లేదు. ఇంతవరకు వాస్తవవాదులకు అనుకూలమే.

ఇంకో పక్కన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పుకున్న షరతులకు బలమిస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ డేటాబేస్ నుంచి సమాచారాన్ని దించుకుంటే, కాపీ చేస్తే, వెలికితీస్తే పరిహారం చెల్లించాలంటుంది. అనుమతి ఎంతవరకు అన్నది మళ్ళీ షరతులే నిర్ణయిస్తాయి.

కేంద్రం 2021 ఫిబ్రవరి 15న విడుదల చేసిన జియోస్పేషియల్ మార్గదర్శకాలు ఈ చిత్రానికి మరో పొర చేర్చాయి. ముందస్తు అనుమతుల బెడద తీసేసి భారతీయ సంస్థలకు మ్యాపింగ్‌ను తెరిచాయి. నేలమీద ఒక మీటరుకన్నా సూక్ష్మమైన సమాచారాన్ని తయారుచేసి సొంతం చేసుకోవడాన్ని భారతీయ సంస్థలకే పరిమితం చేశాయి. దాన్ని దేశంలోని సర్వర్లలోనే ఉంచాలన్నాయి. విదేశీ కంపెనీలు అలాంటి సమాచారాన్ని లైసెన్సు తీసుకుని వాడవచ్చు గానీ, అది తమ సర్వర్ల గుండా పోని ఏపీఐ ద్వారానే వాడాలి. సమాచారం చూడటం వేరు, చేతికి తీసుకోవడం వేరు అన్న తేడాను ప్రభుత్వం కూడా గుర్తించిందన్నమాట.

పొరుగు జిల్లా కర్మాగారం, దేశమంతా చర్చ

మన దేశంలో ఈ ప్రశ్న వార్తలకెక్కిన సందర్భం 2024 జూలై. కుప్పానికి ఆనుకునే ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లి దగ్గర ఓలా ఎలక్ట్రిక్ స్కూటర్ల కర్మాగారం ఉంది. ఆ స్కూటర్లలో దారి చూపే సేవ కోసం ఓలా 2021లో మ్యాప్‌మైఇండియా అనే మ్యాపు సేవ మాతృసంస్థ సీఈ ఇన్ఫో సిస్టమ్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2024 జూలై మొదట్లో ఓలా గూగుల్ మ్యాప్స్‌ను వదిలి సొంత ఓలా మ్యాప్స్‌కు మారినట్టు ప్రకటించింది. అంతకుముందు ఏడాదికి 100 కోట్ల రూపాయలు మ్యాపులకే ఖర్చయ్యేదని చెప్పింది. అదే నెల చివర్లో సీఈ ఇన్ఫో సిస్టమ్స్ ఓలా ఎలక్ట్రిక్‌కు లీగల్ నోటీసు పంపింది. తమ ఏపీఐల నుంచి వచ్చిన సమాచారాన్ని ఒప్పందానికి విరుద్ధంగా దాచుకుని ఓలా మ్యాప్స్ తయారీకి వాడుకున్నారన్నది అందులో ఆరోపణ. ఓలా ఎలక్ట్రిక్ దాన్ని పూర్తిగా ఖండించింది.

ఎవరి మాట నిజమన్నది ఇక్కడ తేల్చే పని కాదు. ఈ వ్యవహారం ఒక సంగతిని స్పష్టం చేసింది. నిల్వ షరతు అంటే చదవకుండా ఒప్పుకునే చిన్న అక్షరాల వాక్యం కాదు. వ్యాపారం పెరిగినప్పుడు, పోటీ మొదలైనప్పుడు మూలం నిరూపించుకోవాల్సిన అవసరం ఎప్పుడైనా రావచ్చు. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి గూగుల్ భారత్‌లో మ్యాప్ సేవల ధరలను 70 శాతం దాకా తగ్గించింది. ధర తగ్గితే దాచుకోవాలన్న ఆశ తగ్గుతుంది. షరతు మాత్రం షరతుగానే ఉంటుంది.

మూడు ఊళ్ళు, మూడు పరీక్షలు

పెద్ద నగరాల కోసం సాగిన వాదాలను ఈ ప్రాంతంలో పెట్టి చూస్తే కొత్త కోణం కనిపిస్తుంది.

మదనపల్లెలో మొదటి ఇబ్బంది రాత. మదనపల్లె, మదనపల్లి రెండూ వాడుకలో ఉన్నాయి. పట్టుచీరలు నేసే నీరుగట్టువారిపల్లె వంటి పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేసరికి ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. దానికితోడు పాలనా హద్దులు మారాయి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయినప్పుడు మదనపల్లె రాయచోటి కేంద్రంగా ఏర్పడ్డ అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే మిగిలాయి. 2025 చివర్లో మదనపల్లె కేంద్రంగా జిల్లా ప్రతిపాదనతో హద్దులు మళ్ళీ చర్చకొచ్చాయి. చిరునామాలో జిల్లా పేరు మారితే జియోకోడర్ జవాబూ మారవచ్చు. 517325 అన్న పిన్‌కోడ్, ఇంటి అక్షాంశ రేఖాంశాలు మాత్రం జిల్లా మారినంత మాత్రాన మారవు. స్థిరమైన నిల్వ ఎందుకు కావాలో చెప్పే బలమైన కారణం ఇది.

పుంగనూరు చుట్టూ ఉన్న ఇబ్బంది ఒకే పేరు గల ఊళ్ళు. పుంగనూరు నియోజకవర్గంలో రొంపిచర్ల మండలం ఉంది, పల్నాడు జిల్లాలోనూ రొంపిచర్ల మండలం ఉంది. కొత్తపల్లెలకు లెక్కే లేదు. పిన్‌కోడ్ లేకుండా అడిగితే జవాబు ఎక్కడికో పోతుంది. ఊరు సరిగ్గా దొరికినా డోర్ నంబరు దొరకదు. అప్పుడు గూగుల్ జవాబు పక్కన అప్రాక్సిమేట్ అనే గుర్తు ఉంటుంది. ఇంటి పైకప్పు దాకా వెళ్ళిన జవాబుకు రూఫ్‌టాప్ అని ఉంటుంది. ఊరి నడిబొడ్డున పడ్డ చుక్కను ఇంటి లొకేషన్‌గా దాచుకుంటే షరతు తప్పడమే కాక తప్పు సమాచారాన్ని కాపాడుకున్నట్టవుతుంది. దశాంశం తరువాత ఆరు అంకెలున్నంత మాత్రాన చుక్క కచ్చితమైనదని అనుకోకూడదు.

కుప్పంలో ఇబ్బంది సరిహద్దు. ఒకవైపు కర్ణాటక, ఒకవైపు తమిళనాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ నిత్యవ్యవహారంలో ఉన్న చోటు. తమిళనాట కుప్పం అనే మాటతో ముగిసే పల్లెలు తీరం పొడవునా ఉన్నాయి. పక్కనే రామకుప్పం మండలం ఉంది. చిరునామా ఏ లిపిలో రాశారు, ఏ రాష్ట్రం పేరు వేశారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఈ మూడు పరీక్షలూ ఒకే నిర్ణయానికి తెస్తాయి. ఇక్కడ మనుషులు దారి చెప్పేది గుడి వెనక, బోరింగు పక్కన, బడి ఎదురుగా అనే గుర్తులతో. చివరి వంద మీటర్లు తెలిసినవాడు ఆ వీధికి వెళ్ళిన మనిషి. కంపెనీ సర్వర్ ఇచ్చే చుక్క ఆరంభానికి పనికొస్తుంది. గడప ముందు నిలబడి, ఖాతాదారు ఒప్పుకోలుతో, ఫోన్ జీపీఎస్‌తో పట్టుకున్న చుక్క అంతకన్నా సరైనది. పైగా దాన్ని ఏ జియోకోడింగ్ సేవా ఇవ్వలేదు గనుక ఆ సేవ నిల్వ షరతు దానికి వర్తించదు.

డిజిపిన్ తెచ్చిన మలుపు

1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్ ఒక ప్రాంతాన్ని చెబుతుంది, ఇంటిని చెప్పదు. ఆ లోటు తీర్చడానికి తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి డిజిపిన్‌ను తయారుచేసి 2025 మేలో విడుదల చేసింది. దేశం మొత్తాన్ని కప్పే 36 డిగ్రీల చతురస్రాన్ని 16 గళ్ళుగా, ప్రతి గడినీ మళ్ళీ 16గా, ఇలా పది మెట్లు విభజిస్తారు. చివరి గడి సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. దానికి పది అక్షరాంకెల సంకేతం. లెక్క కట్టే సూత్రం బహిరంగం, ఇంటర్నెట్ లేకుండానే కట్టుకోవచ్చు, దాచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గూగుల్ ఇంజనీర్లు తయారుచేసి ఓపెన్ సోర్సుగా ఇచ్చిన ప్లస్ కోడ్‌కూ ఇవే గుణాలున్నాయి. మ్యాప్‌మైఇండియా ఆరక్షరాల మ్యాపుల్స్ పిన్ వీటికి భిన్నం. దాని అర్థం ఆ కంపెనీ డేటాబేస్‌లో వెతికితేనే తెలుస్తుంది.

డిజిపిన్‌తో నిల్వ సమస్య తీరిపోయిందన్న భావన సరికాదు. ఏదో సేవ 30 రోజుల షరతుతో ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలనే డిజిపిన్‌గా మార్చి దాచుకుంటే రూపం మారింది, మూలం మారలేదు. గడప దగ్గర పట్టుకున్న చుక్కను డిజిపిన్‌గా మార్చుకుంటేనే స్వేచ్ఛ పూర్తిగా దక్కుతుంది.

పోలికలో నాలుగు మార్గాలు

- 30 రోజుల తాత్కాలిక నిల్వ: ఒక్కసారి పంపే పార్సిళ్ళకు సరిపోతుంది. చెరిపివేత దానంతటదే జరిగే ఏర్పాటు ఉండాలి.
- సంకేతం నిల్వ, తాజా విన్నపం: దుకాణాలు, ఆస్పత్రుల వంటి పేరున్న చోట్లకు మంచిది. పల్లెలోని ఇళ్ళకు అంతగా పనికిరాదు.
- డబ్బు చెల్లించి శాశ్వత జియోకోడింగ్: వేల చిరునామాలను ఒకేసారి మార్చుకోవాల్సిన సంస్థలకు న్యాయపరంగా నిశ్చింత. కచ్చితత్వానికి హామీ కాదు.
- ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో ఆరంభించి గడప దగ్గర సొంత చుక్క: ఆరంభంలో శ్రమ ఎక్కువ, తరువాత ఖర్చు తక్కువ. పాలకేంద్రాలు, బడి బస్సులు, రోజూ అదే ఇంటికి వెళ్ళే పనులకు అన్నిటికన్నా తగినది.

ఇంకా తేలనివి

మ్యాపు మీద చుక్కను వేలితో జరిపి సరిచేస్తే అది ఎవరి చుక్క? ఖాతాదారు జ్ఞాపకం అందులో ఉంది, వెనకనున్న మ్యాపు చిత్రం కంపెనీది. కంపెనీ సమాచారం ఆధారంగా కొత్త సమాచారం తయారుచేయకూడదన్న షరతు దీనికి వర్తిస్తుందన్న వాదానికీ, వర్తించదన్న వాదానికీ తావుంది. వాట్సాప్‌లో పంపిన లొకేషన్‌లోనూ తేడాలున్నాయి. ఫోను తానున్న చోటును పంపడం వేరు, జాబితాలోంచి ఒక దుకాణం పేరు ఎంచుకుని పంపడం వేరు.

దూరాలు, మండలం పేరు, బండి దారి వంటి ఉత్పన్న ఫలితాల సంగతీ తేలలేదు. 30 రోజుల తరువాత అంకెలు చెరిపేసినా, వాటితో కట్టిన దూరం పుస్తకంలో ఉండవచ్చా? రోజూ తీసుకునే బ్యాకప్‌లలో మిగిలిపోయిన పాత అంకెల మాటేమిటి?

అన్నిటికన్నా బరువైనది ఖాతాదారు హక్కు. పేరుతో ముడిపడ్డ ఇంటి లొకేషన్ వ్యక్తిగత సమాచారమే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, చెప్పిన పని తీరాక ఆ సమాచారాన్ని తీసేయాలి. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువుంది. మ్యాపు కంపెనీ షరతులు ఎంత ఉదారంగా ఉన్నా ఈ బాధ్యత తప్పదు. ఇరవై ఏళ్ళ చర్చలో ఇంటి యజమాని గొంతు దాదాపు వినిపించలేదు. ఇకమీదట వినిపించాలి.

ముగింపు

దాచుకోవచ్చా అన్న ప్రశ్నకు అన్ని చోట్లా చెల్లే ఒకే జవాబు లేదు. అన్ని వాదాలూ ఒప్పుకోదగ్గ క్రమశిక్షణ మాత్రం ఉంది. పట్టికలో ప్రతి లొకేషన్ పక్కన నాలుగు గడులు ఉండాలి: ఈ చుక్క ఏ మూలం నుంచి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఎంత కచ్చితమైనది, ఖాతాదారు దేనికి ఒప్పుకున్నాడు. మూలం తెలిస్తే ఏది చెరపాలో, ఏది ఉంచాలో తెలుస్తుంది. తేదీ ఉంటే 30 రోజుల లెక్క తప్పదు. కచ్చితత్వం రాసి ఉంటే ఊరి నడిబొడ్డు చుక్కను ఇల్లని పొరబడరు. ఒప్పుకోలు నమోదై ఉంటే చట్టం ముందు తడబాటు ఉండదు.

ఈ నాలుగు గడులు చేర్చడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఒక ఎక్సెల్ పట్టిక చాలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్ళలో మ్యాపు కంపెనీలకు తెలియని వీధులు స్థానికులకు తెలుసు. ఆ తెలివిడిని తమ పేరున, తమ ఖాతాదారుల అనుమతితో నమోదు చేసుకున్న సంస్థ రేపు ఏ సేవ షరతులు మార్చినా నిలబడుతుంది. అందులో బహిరంగపరచగల వీధుల పేర్లు, గుడులు, బడుల వివరాలను ఉమ్మడి మ్యాపుకు చేర్చితే తరువాత వచ్చేవారికి నిల్వ ప్రశ్నే కొంత తేలికవుతుంది.